దులిపే ముందు దాచిపెట్టు

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి పీర్జాదిగూడకు రోజూ తిరిగేవాళ్లకు ఓపిక దానంతటదే వస్తుంది. వరంగల్ హైవే మీద, కట్టీ కట్టని ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన బస్సు ఆగిందంటే చేసేదేం లేదు, ఫోన్ తీయడమే. ఆ సాయంత్రం నేనూ అదే పని చేశా. మెయిల్‌బాక్సులో అన్నిటికన్నా పైన ఉందొక మెయిల్. నా వెబ్‌సైట్‌కు చోటు అద్దెకిచ్చిన హోస్టింగ్ కంపెనీ పంపింది. నా ఖాతాలో ఫైళ్ల సంఖ్య లక్ష దాటకూడదట. ఇప్పటికే 1,18,000 అయ్యాయట. ఏడు రోజుల్లో తగ్గించకపోతే సైటు ఆపేస్తారట.

మొదట నవ్వొచ్చింది. నేను రాసినవి మహా అయితే 1,100 పేజీలు. మిగతా లక్షా పదిహేడు వేల ఫైళ్లు ఎవరు పెట్టారు?

ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోకముందే నేనొక తప్పు చేశాను. దానివల్ల మా ఇంట్లో ఒక గొంతు పోయింది. మీకు సొంత వెబ్‌సైట్ ఉన్నా లేకపోయినా, ఫోన్లో 'స్టోరేజ్ ఫుల్' అని కనిపించగానే గబగబా డిలీట్లు కొట్టే అలవాటుంటే ఈ కథ మీకూ పనికొస్తుంది.

సచిన్ 175తో మొదలైంది

2009 నవంబర్ 5. మా ఉప్పల్ స్టేడియంలో ఆస్ట్రేలియా 350 కొట్టింది. సచిన్ ఒక్కడే 175 చేశాడు. అయినా మనం 3 పరుగుల తేడాతో ఓడిపోయాం. అప్పుడు నేను ఇంటర్. టికెట్ దొరక్క ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా. మ్యాచ్ అయిపోయాక నిద్ర పట్టలేదు. 'లేఖిని'లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి, తెలుగులోకి మారుతుంటే చూసి మురిసిపోతూ నాలుగు పేరాలు రాశా. అదే నా సైటులో మొదటి పేజీ.

ఆ తర్వాత ఏది తోస్తే అది. ఎంసెట్ కటాఫ్ ర్యాంకులు. ఉప్పల్ నుంచి ఎక్కడికి ఏ నంబర్ బస్సు పోతుందో ఒక పట్టిక. నాచారం, హబ్సిగూడ టిఫిన్ సెంటర్ల మీద నా తీర్పులు. ఉద్యోగం వచ్చాక పైథాన్ పాఠాలు. అక్క పెళ్లి ఫొటోలు 640. పీర్జాదిగూడ గ్రామ పంచాయతీ నుంచి 2016లో మున్సిపాలిటీ అయింది, 2019లో కార్పొరేషన్ అయింది. నా సైటు కూడా మా ఊరిలాగే పెరిగింది. ముందు ఇళ్లు కట్టేసి, తర్వాత రోడ్డు ఎటు వేయాలా అని ఆలోచించినట్టు!

వాటన్నిటి మధ్య 'నాన్న చెప్పిన నాచారం' అని ఒక పేజీ ఉండేది. నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మెషీన్ మీద పనిచేశాడు. 1980ల్లో జనగామ వైపు నుంచి వచ్చినవాడు. 2013లో ఒక ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి ఫోన్లో మూడు ముక్కలుగా రికార్డు చేశాను. మొదటిది షిఫ్టుల గురించి. రెండోది ఉప్పల్ నుంచి పనికి నడిచిపోయిన దారి గురించి. మూడోది, పెళ్లయ్యాక అమ్మను మొదటిసారి ఉప్పల్‌లో బస్సు దింపిన రోజు గురించి. ఒక్కోదాని కింద నాలుగు లైన్ల సారాంశం టైపు చేసి పెట్టా. 2018లో నాన్న పోయారు. ఆ పేజీని చూసేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురే. అందులో ఒకరు మా అమ్మ.

ఒక రాత్రి, ఒక వేలు

మెయిల్ వచ్చిన రాత్రే రంగంలోకి దిగా. ల్యాప్‌టాప్ తీయడానికి బద్ధకం. పడుకునే ఫోన్లో హోస్టింగ్ ఫైల్ మేనేజర్ తెరిచా. అప్‌లోడ్స్ ఫోల్డర్లో ఏడాదివారీగా, నెలవారీగా గదులున్నాయి. ఒక గదిలోకి వెళ్లి చూస్తే ఒకే ఫొటో ఏడెనిమిది సైజుల్లో ఉంది. 'ఇదిగో దొంగ దొరికాడు' అనుకున్నా. పాత నెలల్లో ఉన్నదంతా చిత్తేనని నాకు నేనే తేల్చేసుకుని, 2013కు చెందిన రెండు ఫోల్డర్లు సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టా. 'ట్రాష్‌లో వేయకుండా శాశ్వతంగా తీసేయాలా?' అని అడిగింది. అవునన్నా. హాయిగా నిద్రపోయా.

పొద్దున్నే అమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది.

"బిడ్డా, మీ నాయిన మాట్లాడ్తలేడు."

ఆ మాట ఇంకా చెవిలో ఉంది. పేజీ ఉంది, నొక్కే బటన్ ఉంది. నొక్కితే నిశ్శబ్దం. మూడు ఆడియోలూ నేను రాత్రి తీసేసిన ఫోల్డర్లోనే ఉన్నాయి.

వెంటనే హోస్టింగ్ వాళ్లను చాట్‌లో పట్టుకున్నా. వాళ్ల దగ్గర ఒక కాపీ ఉంది. కానీ రోజుకొకసారి, పాతదాని మీదే కొత్తది రాసే పద్ధతి. తెల్లవారుజామున 4 గంటలకు తాజా కాపీ తీశారు. అప్పటికే నా డిలీట్ జరిగి నాలుగు గంటలైంది. అంటే నా తప్పును కూడా భద్రంగా కాపీ తీసి పెట్టారన్నమాట.

అక్కడ నాకు మొదటి పాఠం అర్థమైంది. అద్దం బ్యాకప్ కాదు. మనం ఇక్కడ ఏం చేస్తే అక్కడా అదే జరిగితే, అది అద్దం. ఫోన్ గ్యాలరీ, క్లౌడ్ ఒకదానికొకటి సింక్ అయి ఉన్నప్పుడు ఫోన్లో ఫొటో తీసేస్తే క్లౌడ్‌లో కూడా పోతుందే, అదే సంగతి. బ్యాకప్ అంటే నిన్నటిది, పోయిన వారానిది, పోయిన నెలది విడివిడిగా ఉండాలి. మన తప్పు చేయి చాచినా అందనంత దూరంలో ఉండాలి.

వెతుకులాట

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1996 నుంచి వెబ్ పేజీలను కాపీ తీసి దాస్తోంది. వాళ్ల 'వేబ్యాక్ మెషీన్' 2001లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులో నా సైటు అడ్రసు కొట్టా. 2016లో తీసిన ఒక కాపీ ఉంది. పేజీ తెరుచుకుంది. నేను టైపు చేసిన సారాంశాలు మూడూ ఉన్నాయి. గొంతు మాత్రం లేదు. ఆ మెషీన్ అక్షరాలను, బొమ్మలను బాగానే ఏరుకుంటుంది కానీ, ప్రతి ఫైలూ దొరుకుతుందన్న హామీ ఏమీ లేదు.

తర్వాత బీరువా మీద పడ్డా. పాత పెన్‌డ్రైవ్‌లు, చార్జర్ లేని ఫోన్లు, ఎవరివో తెలియని మెమొరీ కార్డులు. రెండు రోజులు ఆఫీసుకు సెలవు పెట్టి ఒక్కొక్కటి చూశా. కాలేజీ ప్రాజెక్టు ఉన్న ఒక పెన్‌డ్రైవ్‌లో రెండు ఆడియోలు దొరికాయి. మొదటిది, రెండోది. మూడోది ఎక్కడా లేదు.

ఏడు రోజుల గడువులో మూడు రోజులు అయిపోయాయి. ఫైళ్లు ఇంకా లక్ష పైనే ఉన్నాయి. ఈసారి ఫోన్ పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ తీసి, బుద్ధిగా కూర్చున్నా.

లక్ష ఫైళ్లు ఎక్కడివి?

నా సైటు నడిచేది వర్డ్‌ప్రెస్ మీద. 2003లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ప్రపంచంలో చాలా సైట్లు నడుస్తున్నాయి. దాని అలవాట్లు తెలియకపోతే ఇల్లు గోదాము అయిపోతుంది.

మనం ఒక ఫొటో ఎక్కిస్తే అది ఒక ఫైలుతో ఊరుకోదు. చిన్న ఫోన్‌కు చిన్నది, పెద్ద తెరకు పెద్దది చూపించాలి కదా! అందుకని 150, 300, 768, 1024 పిక్సెళ్లు అంటూ కాపీలు కోస్తుంది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి 1536, 2048 కూడా చేరాయి. ఫొటో మరీ పెద్దదైతే 2560కి కుదించిన కాపీ ఒకటి, అసలుది ఒకటి. మొత్తం ఎనిమిది. మనం పెట్టుకున్న డిజైన్ థీమ్ తన సైజులు తాను అడిగితే ఇంకా ఎక్కువ. నేను ఎక్కించిన 9,000 చిల్లర ఫొటోలు 70,000 ఫైళ్లు అయింది అలాగే.

మిగతావి? ఎప్పుడో ట్రై చేసి వదిలేసిన 23 ప్లగిన్లు. వేగం కోసం పెట్టిన క్యాష్ ఫోల్డర్లో పేరుకుపోయిన పాత పేజీలు.

డేటాబేస్ సంగతి ఇంకో కథ. మనం పేజీని సేవ్ చేసిన ప్రతిసారీ పాత రూపాన్ని కూడా వర్డ్‌ప్రెస్ దాచుకుంటుంది. మనం హద్దు పెట్టకపోతే దానికి హద్దు లేదు. నా బస్సు నంబర్ల పేజీకి 212 పాత రూపాలున్నాయి! కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను రాసి, ఐదుకు మించి దాచొద్దని చెప్పొచ్చు. పదేళ్లుగా నాకా సంగతి తెలియదు.

ఇంకో విషయం కూడా తెలిసింది. ఫొటోలను నేను చేసినట్టు ఫోల్డర్లోకి దూరి తీసేయకూడదు. ఫైలు పోయినా, ఉందనే డేటాబేస్ అనుకుంటూ ఉంటుంది. పేజీల్లో విరిగిన బొమ్మలు కనిపిస్తాయి. మీడియా లైబ్రరీ నుంచే తీయాలి. అప్పుడు అసలుతో పాటు దాని కాపీలన్నీ వాటంతటవే పోతాయి.

ముందు మూట కట్టు

తీయడం మొదలుపెట్టే ముందు మూట కట్టాలి. సైటు బ్యాకప్ అంటే రెండు మూటలు. ఒకటి ఫైళ్లు: ఫొటోలు, ఆడియోలు, థీమ్, ప్లగిన్లు, కాన్ఫిగ్. రెండోది డేటాబేస్: మనం రాసిన మాటలన్నీ ఉండేది అందులోనే. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఉపయోగం సగమే.

నేను ఇక్కడా బోల్తా పడ్డా. వర్డ్‌ప్రెస్‌లో 'ఎక్స్‌పోర్ట్' బటన్ నొక్కితే ఒక ఫైలు దిగింది. అబ్బ, పని అయిపోయింది అనుకున్నా. ఎందుకో అనుమానం వచ్చి తెరిచి చూస్తే అందులో ఫొటోలు లేవు, వాటి అడ్రసులు మాత్రమే ఉన్నాయి. ఇల్లు కూలిపోయాక ఇంటి నంబర్ ఉంటే ఏం లాభం?

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో గండం ఉంది. పాత డేటాబేస్‌ను తప్పు ఎన్‌కోడింగ్‌తో దించితే తెలుగంతా పోతుంది. ఆ పోవడంలో రెండు రకాలు. తెరిచిన ఫైల్లో, నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లిష్ 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇవే వరుసగా కనిపిస్తే కంగారు పడొద్దు. అక్షరాలు లోపల క్షేమంగానే ఉన్నాయి, చదివే కళ్లద్దాలు మారాయంతే. సరిచేయొచ్చు. అదే వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం ఆ కాపీలో తెలుగు నిజంగానే పోయినట్టు. కాబట్టి దించిన వెంటనే తెరిచి, తెలుగు తెలుగులా కనిపిస్తోందో లేదో చూడాలి. సర్వర్‌లో అసలుది ఉన్నప్పుడే చూడాలి.

ఎన్ని కాపీలు? అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క అందరికీ సులువు. మొత్తం మూడు కాపీలు. రెండు రకాల పరికరాల్లో. ఒకటి ఇంటికి దూరంగా. నా సైటు ఒకటి, ఇంట్లో హార్డ్‌డిస్క్ ఒకటి, జనగామలో మా మేనత్త బీరువాలో పెన్‌డ్రైవ్ ఒకటి. ఇంట్లో దొంగలు పడ్డా, నీళ్లొచ్చినా జనగామ కాపీకి ఏమీ కాదు. ఇది మరీ అతి అనిపిస్తే ఒక్క సంగతి చెప్తా. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. సైటు, బ్యాకప్ రెండూ అక్కడే పెట్టుకున్నవాళ్లకు రెండూ పోయాయి.

చివరి మెట్టు, అందరూ ఎగ్గొట్టేది: మూట విప్పి చూడటం. నేను ల్యాప్‌టాప్‌లో ఒక లోకల్ సర్వర్ పెట్టుకుని, బ్యాకప్ నుంచి సైటును మళ్లీ నిలబెట్టా. మొదటిసారి లేవలేదు. ఒక ఫోల్డర్ సగమే దిగింది. రెండోసారి దించాక లేచింది. సచిన్ 175 పేజీ నా ల్యాప్‌టాప్‌లో, ఇంటర్నెట్ లేకుండా తెరుచుకుంది. అప్పటివరకు నా దగ్గర ఉన్నది జిప్ ఫైలే. బ్యాకప్ అయింది ఆ నిమిషాన.

ఆ జిప్ ఫైలును సైటు ఫోల్డర్లోనే వదిలేయకండి. అందులో మీ డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటుంది. అడ్రసు ఊహించగలిగినవాడెవడైనా దించుకుంటాడు.

మూడు కుప్పలు

ఇక దులపడం. దసరాకు ముందు ఇల్లు సర్దేటప్పుడు అమ్మ సామాను మూడు కుప్పలు చేస్తుంది. వాడేవి, అటక మీదకెళ్లేవి, పాత సామాన్ల బండికి వేసేవి. నేనూ అదే చేశా.

మొదట్లో విజిట్ల లెక్క చూసి తేల్చేద్దామనుకున్నా. ఎక్కువమంది చూసేవి ఉంచడం, చూడనివి తీయడం. సులువైన దారి. కానీ ఆ లెక్క ప్రకారం ఎంసెట్ కటాఫ్ పేజీకి మొదటి స్థానం, నాన్న పేజీకి చివరి స్థానం. అప్పుడు ప్రశ్న మార్చా. 'ఎంతమంది చూస్తున్నారు?' కాదు, 'ఇది నా దగ్గర పోతే ఇంకెక్కడైనా దొరుకుతుందా?'

అంతే, పని పరుగులు పెట్టింది. 2012 కటాఫ్ ర్యాంకులు ఇప్పుడెవరికీ అక్కర్లేదు, తీసేశా. పైథాన్ పాఠాలు నాకన్నా బాగా చెప్పేవాళ్లు వేలమంది ఉన్నారు, అవీ పోయాయి. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన పాటల సాహిత్యం నాది కాదు, ఉంచే హక్కే లేదు. మూతపడ్డ టిఫిన్ సెంటర్ల పేజీలు మాత్రం ఉంచా. అక్కడ ఉప్మా పెసరట్టు ఎంతకు దొరికేదో ఇంకెవరు రాసి పెట్టారు? 2017 నవంబర్లో మెట్రో నాగోల్ వరకు నడవడం మొదలవక ముందు ఉప్పల్ ఎలా ఉండేదో తీసిన 60 ఫొటోలు, పిల్లర్లు లేవక ముందు వరంగల్ హైవే మీద ఆకాశం కనిపించే ఫొటోలు, అన్నీ ఉంచా. ఆ ఆకాశం మళ్లీ దొరకదు.

అక్క పెళ్లి ఫొటోలు 640 అటక మీదకెళ్లాయి, అంటే హార్డ్‌డిస్క్‌కు. సైటులో 12 మిగిలాయి. అక్కే ఏరింది. తన ఫొటోలు ఊరందరికీ కనిపించేలా ఉన్నాయని ఇన్నేళ్లూ మొహమాటపడి చెప్పలేదట. నా పాత రెజ్యూమే పేజీలో ఫోన్ నంబర్, ఇంటి అడ్రసు ఉన్నాయి. అది మొదటి రోజే తీయాల్సింది.

పీర్జాదిగూడకు 99 అక్షరాలు

పేజీ తీసేస్తే దానికి వచ్చే దారి ఏమవుతుంది? ఎవరో ఎప్పుడో ఆ లింకు వాట్సాప్‌లో పంపుకుని ఉంటారు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసం రాశాడు. మంచి అడ్రసులు మారవన్నది దాని సారం. అందుకే ఉంచిన పేజీల అడ్రసుల జోలికి పోలేదు. రెండు మూడు పేజీలను కలిపి ఒకటి చేసినచోట, పాత అడ్రసుకు వచ్చినవాళ్లు కొత్తదానికి వెళ్లేలా 301 మళ్లింపు పెట్టా. పూర్తిగా తీసేసినచోట 410 పెట్టా. 404 అంటే 'దొరకలేదు'. 410 అంటే 'ఉండేది, కావాలనే తీసేశాం'. 

తెలుగు అడ్రసులతో ఒక తమాషా ఉంది. తెరవెనుక ఒక్కో తెలుగు గుర్తు, అంటే అక్షరం, గుణింతం, పొల్లు ఏదైనా సరే, తొమ్మిది ఇంగ్లిష్ గుర్తులుగా మారుతుంది. 'పీర్జాదిగూడ' అనే మాటలో అలాంటివి 11. అంటే 99 గుర్తులు! వర్డ్‌ప్రెస్ ఒక పేజీ పేరుకు ఇచ్చే చోటు 200. రెండు పీర్జాదిగూడలు రాస్తే గది నిండిపోతుంది. నా పొడవాటి శీర్షికల అడ్రసులన్నీ మధ్యలో ఎందుకు తెగిపోయాయో అప్పుడర్థమైంది. కొత్తగా రాసేవాటికి శీర్షిక తెలుగులో, అడ్రసు చిన్న ఇంగ్లిష్ మాటలో పెడుతున్నా.

ఇది నా ఒక్కడి కథ కాదు

నా సైటు పుట్టడానికి సరిగ్గా పది రోజుల ముందు, 2009 అక్టోబర్ 26న, యాహూ తన జియోసిటీస్‌ను మూసేసింది. 1990ల్లో సామాన్యులు సొంతంగా కట్టుకున్న వెబ్ పేజీల మహానగరం అది. ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్ల గుంపు రాత్రింబవళ్లు కాపీ చేసి, అందినంత కాపాడి, తర్వాతి ఏడాది అందరికీ విడుదల చేసింది. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ పోయింది. 2019లో మైస్పేస్, సర్వర్లు మార్చేటప్పుడు పన్నెండేళ్ల పాటలు పోయాయని ఒప్పుకుంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను మన దేశం నిషేధించింది. మన ఊళ్లలో ఎంతోమంది తమ వీడియోలను ఆ ఒక్క యాప్‌లోనే పెట్టుకున్నారు. ఫోన్లో కాపీ ఉంచుకున్నవాళ్లకు వీడియోలు మిగిలాయి, మిగతావాళ్లకు జ్ఞాపకాలు మిగిలాయి.

అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ఒక లెక్క చెప్పింది. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత కనిపించడం లేదు. నాన్న గొంతు రికార్డు చేసిన ఏడాది కూడా 2013 కావడం చూసి కాసేపు అలాగే కూర్చున్నా.

మన భాషకు ఈ నష్టం ఇంకోలా కూడా జరిగింది. యూనికోడ్ రాకముందు ఒక్కో తెలుగు సైటుకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే పేజీ ఉన్నా చదవలేం. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన ఫైలును ఇప్పుడు మామూలు ఫోన్లో తెరిచి చూడండి, పిచ్చి గీతలే. యూనికోడ్‌కు మార్చే టూల్స్ ఉన్నాయి, మార్చుకోవాలి. అదే 1990ల్లో యూజ్‌నెట్ తెలుగు గ్రూపులో అమెరికా తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ పద్ధతిలో, మామూలు ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ ఏ ఫాంటూ అక్కర్లేదు కాబట్టి కాపీ దొరికితే ఈరోజుకీ చదవొచ్చు. దాచుకునేది ఎంత సాదా రూపంలో ఉంటే అంత ఎక్కువకాలం బతుకుతుంది. అందుకే నా సైటుకు మామూలు హెచ్‌టీఎంఎల్ కాపీ కూడా ఒకటి తీసిపెట్టా. రేపు వర్డ్‌ప్రెస్ లేకపోయినా బ్రౌజర్ ఉంటే చాలు, తెరుచుకుంటుంది.

సైటు లేనివాళ్లూ ఇదే చేయొచ్చు. గూగుల్‌లో 'టేక్‌అవుట్' ఉంది, ఇన్‌స్టాగ్రామ్‌లో మన సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే సదుపాయం ఉంది, వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ ఉంది. ఈ ఆదివారం ఒక గంట పెట్టండి. దించండి, తెరిచి చూడండి, ఇంకోచోట పెట్టండి. ఆ తర్వాతే ఫోన్లో డిలీట్ మీద వేలు వేయండి.

మూడో రికార్డు

ఆరో రోజు రాత్రికి ఫైళ్లు 21,000కు, పేజీలు 410కి దిగాయి. సైటు ఫోన్లో చప్పున తెరుచుకుంటోంది. నాన్న పేజీలో రెండు ఆడియోలు మళ్లీ పెట్టా. మూడోదాని దగ్గర వేబ్యాక్ నుంచి తెచ్చిన నాలుగు లైన్లు మాత్రం ఉన్నాయి. ఉప్పల్‌లో బస్సు దిగి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిని వెంటబెట్టుకుని గదికి నడిచానని నాన్న చెప్పినట్టు అందులో ఉంది.

అమ్మకు చదివి వినిపించా. పోయినదానికి నన్నేమైనా అంటుందేమోనని భయంగానే ఉంది. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొంగు సర్దుకుని కూర్చుంది.

"ఫోన్ తియ్. నేను చెప్త, రికార్డు చెయ్."

తీశా. ఎర్ర చుక్క వెలిగింది.

"పెట్టె ఆయనొక్కడే మోసిండంటే ఎట్ల? సగం తొవ్వ నేనే మోసిన."

పదకొండు నిమిషాలు చెప్పింది. ఆ రాత్రే ఆ ఫైలు హార్డ్‌డిస్క్‌లోకి వెళ్లింది. ఆదివారం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని జనగామ బస్సెక్కాను.